ఇంట్లో ఇన్‌ఫ్రారెడ్ సానా పెట్టుకోవాలంటే ఏం చూడాలి?

ముందు చూడాల్సింది సానాను (లోపల కూర్చుంటే వేడికి చెమట పట్టించే చెక్క క్యాబిన్‌ను) కాదు, మీ ఇంటి కరెంటు వైరింగ్‌ను. ఒకరిద్దరు కూర్చునే క్యాబిన్ సాధారణంగా 1.5 నుంచి 2.5 కిలోవాట్ల దాకా లాగుతుంది. అంత లోడ్‌ను గీజర్ ఉన్న లైన్‌కే తగిలిస్తే వైర్లు వేడెక్కుతాయి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలే వద్దు. ఎలక్ట్రీషియన్‌తో విడిగా లైను లాగించి, మంచి ఎర్తింగ్, షాక్ కొట్టకుండా ఆపే బ్రేకర్ పెట్టించండి. ఈ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడకండి.

మామూలు సానా గాలిని 70–100 డిగ్రీలకు వేడి చేస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ సానా తన హీటర్ల కిరణాలతో ఒంటిని నేరుగా వేడి చేస్తుంది కాబట్టి 45–60 డిగ్రీలు చాలు. ఈ హీటర్లలో కార్బన్ ప్యానెళ్ల వేడి ఒళ్లంతా సమంగా పరుచుకుంటుంది, సిరామిక్ హీటర్లది ఒకేచోట గట్టిగా తగులుతుంది. నాకైతే కార్బనే నయమనిపిస్తుంది. చెక్క మీద వార్నిష్ ఉండకూడదు, వేడికి వాసనలు వదులుతుంది.

నేల సమతలంగా, పొడిగా ఉండాలి. గోడకు ఆనించకుండా కాస్త ఖాళీ వదలండి.

చెమటతో విషాలన్నీ పోతాయనే ప్రచారాన్ని నమ్మకండి, ఆ పని ప్రధానంగా కాలేయం, కిడ్నీలది. గుండె జబ్బు, లో బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా లోపలికి వెళ్లొద్దు. మిగతావాళ్లు 10–15 నిమిషాలతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగండి.