పాప రాత్రి నిద్రపోవడానికి సిరప్ వేస్తున్నాం.. పర్లేదా డాక్టర్?

ప్రశ్న: మాకు పాప పుట్టి 26 రోజులైంది. నార్మల్ డెలివరీ, పుట్టినప్పుడు బరువు 2.8 కిలోలు. రాత్రిళ్లు రెండు గంటలకోసారి లేచి ఏడుస్తోంది. నేను రేణిగుంట దగ్గర కంపెనీలో షిఫ్టులకు వెళ్తాను. అత్తమ్మ ఇన్నాళ్లు ఉండి చిత్తూరు వెళ్లిపోయింది, ఇప్పుడు మా అమ్మ ఉంది. మెడికల్ షాపులో అడిగితే జలుబుకూ నిద్రకూ పనికొస్తుందని ఒక సిరప్ ఇచ్చారు. మూడు రోజులుగా రాత్రి కొంచెం వేస్తున్నాం, ఐదు గంటలు పడుకుంటోంది. నా భార్యకు మాత్రం పాప పడుకున్నా నిద్ర పట్టడం లేదు, ఊరికే ఏడుస్తోంది. మేమిద్దరం సరిగ్గా నిద్రపోవాలంటే ఏం చేయాలి? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ నిద్ర సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ సిరప్ ఆపండి. ఇవాళ రాత్రి నుంచే.

మందు పేరు రాయలేదు కాబట్టి అదేమిటో నేను కచ్చితంగా చెప్పలేను. అయితే జలుబుకూ నిద్రకూ ఒకే సీసా ఇచ్చారంటే అందులో క్లోర్‌ఫెనిరమినో, ప్రోమెథజినో ఉండే అవకాశం ఎక్కువ. వాటితో వచ్చేది మత్తు. దాన్నే మీరు నిద్ర అనుకుంటున్నారు. ప్రోమెథజిన్ రెండేళ్ల లోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందుల మీద నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని ముద్రించాలని 2023లోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. సీసా తిప్పి చూడండి. మీ పాప వయసు ఇంకా నెల కూడా నిండలేదు.

ఐదు గంటలు పడుకుంటోందని మీరు సంతోషంగా రాశారు. నన్ను భయపెట్టింది ఆ మాటే. ఈ వయసు బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగాలి. రెండు గంటలకోసారి లేవడం జబ్బు కాదు, ఆకలి. రాత్రి పాలు మానితే బరువు పెరగదు, తల్లికి పాలూ తగ్గుతాయి.

కొన్నేళ్ల కింద ఒక పొద్దున ఓపీ మొదలవకముందే ఒక అమ్మమ్మ నెల బిడ్డను తువ్వాల్లో చుట్టుకొని తెచ్చింది. రాత్రంతా బంగారంలా పడుకుంది సార్, పొద్దున పాలకు కూడా లేవలేదు అంది. అరికాలు మీద వేలితో రెండుసార్లు తట్టాను. కాలు కొంచెం ముడిచిందే గానీ ఏడవలేదు. సంచిలోంచి సీసా తీశారు, మూత చుట్టూ మందు జిగటగా అంటుకొని ఉంది. చుక్కల్లో వేయమన్నదాన్ని మూతతో కొలిచి పోశారట. రెండు రోజులు ఐసీయూలో ఉంచాక ఆ బిడ్డ కోలుకుంది. అందరికీ అంత అదృష్టం ఉండదు. షాపతన్ని తిట్టి లాభం లేదు, అడిగింది మనమే కదా! వస అరగదీసి నాకించడం, గ్రైప్ వాటర్ పోయడం కూడా వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు పాపను గమనించండి. లేపినా లేవకపోయినా, పాలు చప్పరించకపోయినా, ఊపిరి మధ్యలో ఆగుతున్నా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, పెదాలు నీలంగా మారినా, జ్వరం 100.4 దాటినా, ఒళ్లు చల్లబడినా తెల్లారేదాకా ఆగొద్దు. తిరుపతిలోని రుయా ప్రభుత్వాసుపత్రి కావచ్చు, డెలివరీ అయిన చోటు కావచ్చు, దగ్గర్లో పిల్లల డాక్టర్ ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. రోజుకు ఆరుసార్లయినా ఉచ్చ పోస్తోందా లేదా లెక్క పెట్టండి.

రెండో విషయం మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడవడం. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఇలాంటివి చాలామందికి వచ్చి పోతాయి. 26 రోజులైనా తగ్గలేదంటే దాన్ని మామూలు టెన్షన్ అని కొట్టేయకూడదు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, రక్తం తక్కువై ఉండొచ్చు, థైరాయిడ్ కూడా కావచ్చు. నేను చూడకుండా తేల్చలేను. ఈ వారంలోనే ఆమెను గైనకాలజిస్ట్‌కు చూపించండి. పాలిస్తూనే వాడుకోదగ్గ మందులున్నాయి. బిడ్డకో తనకో ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన వస్తోందా అని నెమ్మదిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, భయపడకండి. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకుండా అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఐరన్ మాత్రలు ఆపేసి ఉంటే మళ్లీ మొదలుపెట్టించండి, కాన్పు తర్వాత ఆరు నెలలు వేసుకోవాలి.

ఇక మీరడిగిన నిద్ర. మూడో నెల దాకా మీకు ఏకబిగిన ఎనిమిది గంటలు దొరకవు, ఆ ఆశ వదులుకోండి. ముక్కలు ముక్కలుగా పోగేసుకోవాలి. బాలింత పగలు పడుకుంటే నీరు పడుతుందని ఇళ్లలో పెద్దవాళ్లు లేపి కూర్చోబెడతారు. మీ అమ్మగారూ అంటుంటే నా మాటగా చెప్పండి, పగలు పాప పడుకున్నప్పుడల్లా కోడలినీ పడుకోనివ్వమని. చూడ్డానికి వచ్చే చుట్టాలను ఇంకో నెల ఆగమనండి. నైట్ షిఫ్ట్ లేని రోజు రాత్రి తొమ్మిది నుంచి ఒంటి గంట దాకా గుడ్డలు మార్చడం, తేన్పు తీయించడం, ఎత్తుకొని తిప్పడం మీ పని. పాలకు మాత్రమే ఆమెను లేపండి. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన రోజు పగలు మీరు పడుకోండి. నిద్ర మత్తులో రేణిగుంట రోడ్డు మీద బైక్ నడపొద్దు.

పాపను వెల్లకిలా, చదునైన పరుపు మీద పడుకోబెట్టండి. ఆవాల దిండు, దుప్పట్లు పక్కన పెట్టేయండి. కుర్చీలో కూర్చుని పాలిస్తూ ఆమె కునికిపాట్లు పడుతుంటే బిడ్డను మీరు అందుకోండి.

సాయంత్రంలోపు పాపను పిల్లల డాక్టర్‌కు చూపించి తూకం వేయించండి. పుట్టినప్పటి బరువు మీద మూడు వందల గ్రాములైనా పెరిగి ఉండాలి. సీసాను చెత్తబుట్టలో పడేయకండి, వెంట తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. ఎంత వేశారో దాచకుండా చెప్పండి.