మెట్ల నిండా పొగ ఉంటే?

ప్రశ్న: మా ఫ్లాట్ ఐదో అంతస్తులో ఉంది. కింద మంటలు లేస్తే దిగిపోవాలా, ఇంట్లోనే ఉండాలా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అరచేయి తిరగేసి తలుపునీ, పిడినీ తాకండి. చల్లగా ఉండి, మెట్లపై పొగ లేకపోతే తలుపు మూసి వెంటనే దిగండి. లిఫ్ట్ వద్దు, కరెంటు పోతే మధ్యలో ఆగుతుంది.

తలుపు వేడిగా ఉన్నా, మెట్లు పొగతో నిండినా బయటికి రాకండి. మంటకన్నా పొగే ఎక్కువమందిని చంపుతుంది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్నా పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ ఆగదు. తలుపు కింది సందులో తడి తువ్వాళ్లు కుక్కి, పొగ రాని బాల్కనీలోకి వెళ్లి 101కో 112కో ఫోన్ చేయండి. అంతస్తు, ఫ్లాట్ నంబరు ముందే చెప్పండి.

అన్నట్టు, దొంగల భయంతో బాల్కనీకి గ్రిల్ బిగించేశారా? లోపలి నుంచి తెరుచుకునే చిన్న తలుపు దానికి తప్పకుండా పెట్టించండి. తాళంచెవి ఆ పక్కనే, పిల్లలకు అందని ఎత్తులో తగిలించండి.