తమ్ముడిది డీడబ్ల్యూఐ కేసు, లాయరు వెటరన్స్ కోర్టు అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: తమ్ముడు నాలుగేళ్ళు అమెరికా ఆర్మీలో చేసి బయటికొచ్చాడు, ఇంకా గ్రీన్‌కార్డే. టెక్సాస్‌లో తాగి కారు నడుపుతూ దొరికాడు, కారులో రెండు టీహెచ్‌సీ గమ్మీలు (గంజాయి మత్తు కలిపిన మిఠాయిలు) కూడా ఉన్నాయి. ఏడాదిన్నర ఈ వెటరన్స్ కోర్టు, అంటే మాజీ సైనికుల్ని జైలుకి బదులు చికిత్సలో పెట్టే కోర్టు, చుట్టూ తిరిగే కన్నా నేరం ఒప్పేసుకుని తేల్చుకుంటే పోదా, ఊళ్ళో అమ్మకి ఏం చెప్పాలి అని.

మా తమ్ముడు ఇదే కోర్టులో పదహారు నెలలు ఉన్నాడు. వాడి లైసెన్సు పోయింది కాబట్టి వారం వారం దింపి, ఎక్కించుకొచ్చింది నేనే. అందుకే రాస్తున్నా. నేను లాయర్ని కాను.

ముందు గమ్మీల సంగతి. మీరు దాన్ని ఒక్క మాటలో దాటేశారు గానీ నాకు అసలు భయం అక్కడే. టెక్సాస్‌లో ఆకు గంజాయి కొంచెం దొరికితే చిన్న కేసు. గమ్మీ అయితే ఫెలనీ, అంటే పెద్ద నేరం కింద పెట్టొచ్చు. పైగా మందు ఎంత ఉందని కాదు, చక్కెరతో సహా మొత్తం బరువు లెక్కేస్తారు. గ్రీన్‌కార్డు వాళ్ళకి డ్రగ్ కేసంటే దేశం నుంచి పంపించేసే దాకా పోవచ్చు, ఆర్మీలో చేశాడని ఇమిగ్రేషన్ వాళ్ళు వదలరు. హోసే పడియా అనే ఆయన వియత్నాం యుద్ధంలో పనిచేశాడు, నలభై ఏళ్ళుగా గ్రీన్‌కార్డు మీద ఉన్నాడు. ఇన్నేళ్ళున్నావు, నీకేం కాదులే అని లాయరు చెబితే నమ్మి, గంజాయి కేసులో నేరం ఒప్పుకున్నాడు. తీరా చూస్తే దేశం విడిచి వెళ్ళాల్సిన పరిస్థితి. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాకే, 2010లో, ఇమిగ్రేషన్ ప్రమాదం గురించి క్లయింటుకి చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత అని తీర్పొచ్చింది.

కాబట్టి తేల్చేసుకుందాం అన్న ఆలోచన పక్కన పెట్టండి. వెటరన్స్ కోర్టుకి వెళ్ళినా ఒక ప్రశ్న గట్టిగా అడగండి: ఇక్కడ ముందు గిల్టీ ప్లీ (నేరం ఒప్పుకోలు) ఇవ్వాలా, ఇవ్వకుండానే చేర్చుకుంటారా? ఇది కౌంటీని బట్టి మారుతుంది. ప్లీ ఇచ్చి ప్రోగ్రాం పూర్తి చేస్తే కోర్టు కేసు కొట్టేయొచ్చు. కానీ ఇమిగ్రేషన్ చట్టం లెక్క వేరు. నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక ఆంక్ష పెట్టాడంటే వాళ్ళకి అది నేరం రుజువైనట్టే, తర్వాత కొట్టేసినా సరే. ప్లీ లేకుండా చేర్చుకునేలా మాట్లాడమని మీ లాయరుకి చెప్పండి, సంతకం పెట్టే ముందు విడిగా ఒక ఇమిగ్రేషన్ లాయరుకి కాగితాలు చూపించండి. మావాడు 2009లో, గ్రీన్‌కార్డు లేకున్నా అవసరమైన భాష వస్తే ఆర్మీలో చేర్చుకున్న అప్పటి మావ్నీ ప్రోగ్రాంలో, హిందీ వచ్చని చేరాడు, ట్రైనింగ్ అయ్యేసరికి సిటిజన్ అయ్యాడు. మాకు ఈ టెన్షన్ లేదు, మీకుంది.

ఇక కోర్టు గురించి. ఇప్పుడు దేశమంతా వందల్లో ఉన్న ఈ కోర్టులకి నమూనా 2008లో బఫెలోలో రాబర్ట్ రస్సెల్ అనే జడ్జి పెట్టినది. అంతకు ముందు ఆయన కోర్టుకొచ్చే ఒక వియత్నాం సైనికుడు ఎవరేం అడిగినా పలికేవాడు కాదట. తన సిబ్బందిలోనే ఉన్న ఇద్దరు మాజీ సైనికుల్ని అతనితో వరండాలో మాట్లాడమన్నారు. తిరిగొచ్చేటప్పటికి మనిషి నిటారుగా నిలబడ్డాడు, ప్రయత్నిస్తానన్నాడు. అందుకే ఈ కోర్టుల్లో పక్కన ఒక మెంటార్ ఉంటాడు, తనూ ఫౌజులో చేసినవాడే.

అడిగితే ఇచ్చేసేది కాదిది. టెక్సాస్‌లో ప్రాసిక్యూటర్ (ప్రభుత్వ లాయరు) ఒప్పుకోవాలి, పీటీఎస్‌డీ (యుద్ధం లాంటి భయం మనసులో మిగిలిపోయే జబ్బు), తలకి దెబ్బ లాంటివి సర్వీసు వల్లే వచ్చాయని మామూలుగా చూపించాల్సి వస్తుంది. మావాడు అఫ్గానిస్తాన్‌లో, కందహార్‌లో ట్రక్కులు రిపేరు చేసొచ్చాడు. వచ్చాక రెండేళ్ళు హాల్లో లైటు వేసుకునే పడుకున్నాడు. నిద్ర పట్టక తాగుతున్నాడని తెలుసు, జబ్బని మాత్రం మాకు తోచలేదు. వీఏ ఆసుపత్రుల్లో, అంటే మాజీ సైనికుల కోసం ప్రభుత్వం నడిపే ఆసుపత్రుల్లో, ఈ కోర్టు కేసుల కోసమే వెటరన్స్ జస్టిస్ ఔట్‌రీచ్ అని మనుషులుంటారు. తమ్ముడి డీడీ-214 (ఆర్మీ నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు కాగితం) పట్టుకుని వాళ్ళకి ఫోన్ చేయండి, వాళ్ళు ఫీజు అడగరు.

జైలు కన్నా ఇది సుఖం అనుకోకండి. మొదట్లో ప్రతి గురువారం కోర్టు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు మూత్ర పరీక్ష, కౌన్సెలింగ్, మళ్ళీ కారు నడపాలంటే ఊదితే గానీ స్టార్టవ్వనివ్వని మెషీను. మూడో నెలలో మావాడికి పరీక్షలో ఆల్కహాల్ దొరికింది. జడ్జి అడిగితే, మా అమ్మ ఇండియా నుంచి పంపిన ద్రాక్షారిష్టం తాగానన్నాడు. నిజానికి అరిష్టాల్లో ఆల్కహాల్ ఉంటుంది, మౌత్‌వాష్ కూడా వాడొద్దని మొదటి రోజే కాగితం ఇస్తారు. మెంటార్ పెద్దాయన ఆ సాయంత్రం ఇంటికొచ్చి, సీసా చూపించమన్నాడు. తెచ్చిచ్చాడు. మూత సీలు అలాగే ఉంది! ఆయన సీసా బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా కాఫీ అడిగాడు. నేను వంటింట్లోకి పోయి చాలాసేపు కాఫీ కలిపాను.

మర్నాడు తమ్ముడే వెళ్ళి నిజం చెప్పాడు. మూడు రోజులు లోపల పెట్టారు. తాగినందుకైతే కౌన్సెలింగ్ పెంచి వదిలేవాణ్ణి, ఇది అబద్ధానికి అన్నాడు జడ్జి. మీవాడికి ఈ ఒక్కటి నూరిపోయండి: జారితే జారాడు, పరీక్షకి ముందే వాడే చెప్పాలి.

అమ్మ సంగతి అడిగారు కదా. ఆ మూడు రోజులూ వాడు క్యాంపుకెళ్ళాడని చెప్పాను, దానికి పై అబద్ధం, దాని పైన ఇంకోటి. చివర్లో కేసు కొట్టేసిన రోజు వాడే వీడియో కాల్ చేసి అంతా చెప్పాడు. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడు నిద్ర పడుతోందిరా?" అని అడిగింది. పడుతోందన్నాడు. ముందే చెప్పి ఉండాల్సిందని నాకప్పుడు అనిపించింది. మీ అమ్మగారి బీపీ, ధైర్యం మీకు తెలుస్తాయి.

ఇంకో మాట. గురువారాలు ఎవరు తీసుకెళ్తారో ఇప్పుడే తేల్చుకోండి. మా ఆఫీసులో నేను పొద్దున మీటింగులన్నీ మధ్యాహ్నానికి మార్పించుకోవాల్సి వచ్చింది.