ఈ కాలంలో జపాన్ కత్తి విద్య నేర్చుకుంటే ఏం ఒరుగుతుంది?

ప్రశ్న: ఆఫీసు పని మీద రెండేళ్లకని టోక్యో వచ్చాను. వయసు ముప్పై అయిదు. సంప్రదాయ జపాన్ కత్తి విద్య నేర్చుకోవాలని ఉంది. ఈ రోజుల్లో దానివల్ల ఉపయోగం ఉందా, టైమ్ వేస్టా?

జవాబు: ఆత్మరక్షణ కోసమైతే వద్దండి. 1876లో మెయిజీ ప్రభుత్వం కత్తి కట్టుకుని బయట తిరగడాన్నే నిషేధించింది. ఈ విద్య కూడు పెట్టడం ఆ కాలంలోనే ఆగిపోయింది. అయినా దీన్ని వదలకుండా పట్టుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవడానికైతే మాత్రం రెండేళ్లు కాదు, పదేళ్లు పెట్టినా దండగ కాదు. నేను టోక్యోలోని నిషి-కసాయిలో ఉన్నన్నాళ్లూ దగ్గర్లోని వార్డు వ్యాయామశాలలో ఇయాయిదో, అంటే ఒర నుంచి కత్తి దూసే విద్య, నేర్చుకున్నాను.

ఇయాయిదోలో ఎదురుగా ఎవరూ ఉండరు. ఉన్నాడనుకుని ఒర నుంచి కత్తి దూస్తాం, నరుకుతాం, రక్తం విదిలిస్తాం, మళ్లీ ఒరలో పెడతాం. ఈ చివరి పనిని నోతో అంటారు. చలికాలంలో ఒక సాయంత్రం, చెక్క నేల కాళ్లు కొరికేస్తోంది, మా సెన్సే, అంటే గురువుగారు, క్లాసంతా ఆ నోతో ఒక్కటే చేయించారు. ఎడమ చేత్తో ఒర మూతిని పట్టుకోవాలి. కత్తి వెన్నును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆనించి, మొన దాకా లాగాలి. మొన మూతిలోకి జారాక ఒరనూ కత్తినీ ఒకదానికొకటి ఎదురు తేవాలి. ఇదంతా చూడకుండా చేయాలి. మన చూపు మాత్రం నేలకొరిగిన శత్రువు మీదే ఉండాలి, వాడు ఇంకా లేవచ్చు కాబట్టి.

మావన్నీ జింకు, అల్యూమినియం కలిపి పోసిన పదును లేని కత్తులు. ఆయనది మాత్రం అసలు కత్తి. క్లాసులో ఒక కాలేజీ కుర్రాడు చకచకా పెట్టేస్తుంటే ఆపి, తన ఎడమ చెయ్యి చాపి చూపించారు. బొటనవేలి సందులో సన్నటి తెల్లటి గీతలు. నరికేటప్పుడు ఒక్క గాయమూ కాలేదట, అన్నీ కత్తి తిరిగి పెట్టేటప్పుడు పడినవేనట. ఆ తర్వాత కుర్రాడి చిటికెన వేలు పట్టుకుని ఒర చుట్టూ ఆయనే ముడిచి పెట్టారు. నా పక్కన డెబ్బై దాటిన ఒక పెద్దావిడ, మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకుని అదే పని చేస్తోంది. మా అందరి దగ్గరా మొన ఒర చెక్కకు తగిలి టక్కుమంటోంది. ఆవిడ దగ్గర ఏ చప్పుడూ లేదు.

నాది సాఫ్ట్‌వేర్‌లో ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగం. సమస్య సగం తేలగానే టికెట్ (ఆ ఫిర్యాదు) మూసేసి పక్కదానికి పరిగెత్తడం మా వృత్తిలో అందరికీ అలవాటే. పని అయిపోయాక కూడా దాని దగ్గరే నిలబడడం నాకు ఆ చెక్క నేల మీదే వచ్చింది. టెన్షన్‌కు ఇంతకంటే మంచి మందు లేదని నా గట్టి నమ్మకం. ధ్యానం యాప్‌లకు డబ్బు కట్టేవాళ్లందరూ ఆ డబ్బు ఒక చెక్క కత్తి మీద పెట్టాలి.

ఇంకో సంగతి. మా సెన్సేది మూసో జికిదెన్ ఎయిషిన్-ర్యూ అనే శాఖ. తన గురువెవరో, ఆ గురువుకు గురువెవరో, అలా ఈ విద్యకు ఆద్యుడిగా చెప్పే పదహారో శతాబ్దపు హయాషిజాకి జిన్‌సుకే దాకా పేర్లు వరసగా చెప్పేవారు. కతోరి షింతో-ర్యూ అనే మరో శాఖ అయితే పదిహేనో శతాబ్దం నుంచీ నడుస్తోంది, అందులో చేరేవాళ్లు ఈనాటికీ వేలు గుచ్చి రక్తంతో ముద్ర వేసి ప్రమాణం చేస్తారు. 1945లో ఓడిపోయాక అమెరికా వాళ్లు స్కూళ్లలో ఇవన్నీ ఆపించేశారు. అయినా 1952కల్లా జపాన్ కెందో (వెదురు కత్తులతో ఆడే పోటీ విద్య) సమాఖ్య పెట్టుకున్నారు. 1969లో వేర్వేరు శాఖల వాళ్లంతా కలిసి చేయడానికి ఏడు ఉమ్మడి కతాలు, అంటే వరస తప్పకుండా చేసే కదలికలు, రాసుకున్నారు. ఇప్పుడవి 12.

మా తాతగారి ఊళ్లో దసరాకి కర్రసాము ఆడేవారు. నేర్పిన పెద్దాయన పోయాడు, కొడుకులు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. ఏ అడుగు తర్వాత ఏ అడుగో చెప్పగలిగేవాళ్లు ఇప్పుడు ఆ ఊళ్లో ఒక్కరూ లేరు. మన ప్రాచీన విద్యలు గొప్పవని వాట్సాప్‌లో ఫార్వర్డ్‌లు పంపేవాళ్లు మాత్రం ఇంటికొకరు. వారానికి రెండు సాయంత్రాలు ఆ పెద్దాయన దగ్గర కూర్చున్నవాడు లేకపోయాడు. పిల్లవాణ్ణి ఏ క్లాసులో చేర్చినా “దీనివల్ల ఉపయోగమేంటి” అని అడిగి అడిగి మనమే ఇలా చేసుకున్నాం. మీ ప్రశ్న చూడగానే నాకు బాధ కలిగింది అందుకే. మీ మీద కోపం కాదండి.

గంటలో సమురాయ్‌ని చేస్తామని కిమోనో తొడిగి ఫొటోలు తీసి పంపే చోట్లకు పోకండి. గోడకు తగిలించే అలంకారపు కత్తులతో రీల్స్ అస్సలు చేయకండి. వాటిలో పిడి లోపలికి పోయే ఇనుము సన్నగా ఉంటుంది, ఊపులో విరిగి ఎగిరి ఎవరి మెడకో తగులుతుంది. మా దగ్గర ప్రతి క్లాసుకు ముందూ పిడిని బిగించే వెదురు మేకు గట్టిగా ఉందో లేదో చూసుకోనిదే కత్తి ఎత్తనిచ్చేవారు కాదు. మన దగ్గరైనా అక్కడైనా ఇయాయిదోకి రంగు బెల్టులు ఇస్తామంటే వెనక్కి వచ్చేయండి, ఇందులో రంగు బెల్టులే ఉండవు.

మీ వార్డు వ్యాయామశాలకు వెళ్లి నోటీసు బోర్డు చూడండి. ముందు ఒక క్లాసు చూడనివ్వమని అడగండి, సాధారణంగా కాదనరు. కత్తి అప్పుడే కొనకండి, సెన్సే మీ ఎత్తు చూసి పొడవు చెప్పాకే కొనాలి. జపనీస్ అంతగా రాకపోయినా పరవాలేదు, సగం పాఠం చేతులు పట్టుకునే చెబుతారు. మోకాళ్ల నొప్పులుంటే మొదటి రోజే చెప్పేయండి. ఆ 12 కతాల్లో మోకాళ్ల మీద కూర్చుని మొదలుపెట్టేవి నాలుగే, మిగతా ఎనిమిదీ నిలబడి చేసేవే.