బెదిరే ఈము పక్షులను మచ్చిక చేసుకునేదెలా?

సందేహం: నా దగ్గర 12 ఈము పక్షులు ఉన్నాయి. అయిదు నెలల వయసులో తెచ్చాను, ఇప్పుడు 14 నెలలు. దాణా వేయడానికి లోపలికి అడుగుపెడితే చాలు, బెదిరిపోయి కంచె వెంట పరుగులు తీస్తున్నాయి. ఒకదానికి వల తగిలి కాలు గీరుకుపోయింది. ఈ వయసులో మచ్చిక అవుతాయా? నట్టల మందు తాగించాలంటే ఎలా పట్టుకోవాలి?

సలహా: ముందు ఆ కాలు చూడండి. తోలు మాత్రమే లేచి ఉంటే శుభ్రమైన నీటితో కడిగి, పోవిడోన్ అయోడిన్ రాసి, ఈగలు వాలకుండా చూస్తే సరిపోతుంది. కీలు వాచినా, కాలు మోపకపోయినా ఆ రోజే పశువైద్యుడిని పిలవండి. ఈము ప్రాణమంతా కాళ్లలోనే ఉంటుంది. కూలబడిన పక్షిని మళ్లీ లేపడం చాలా కష్టం.

గుడ్డులోంచి బయటికొచ్చిన కొద్ది రోజుల్లో ఎవరు కనబడితే వారి వెంట తిరగడం ఈము పిల్లల స్వభావం. మీ పక్షులకు ఆ వయసు దాటింది కాబట్టి చేతికింద ఒదిగేంత చనువు ఆశించకండి. మనిషిని చూసి పారిపోకుండా ఉంటే చాలు, అది ఇప్పుడూ సాధ్యమే. ఒకటే షరతు, వాటి వెంట పడకూడదు. ఒక్కసారి తరిమితే వారాల శ్రమ వృథా.

రోజూ ఒకే మనిషి, ఒకే వేళకు, ఒకే రంగు బకెట్‌తో వెళ్లాలి. దాణా తొట్టిలో పోసి, పది అడుగుల దూరంలో కింద కూర్చోండి. నిలబడిన మనిషికి బెదిరే పక్షే కూర్చున్న మనిషిని చూడటానికి మెడ చాచుకుంటూ వస్తుంది. ఈముకు ఆసక్తి ఎక్కువ. మొదట చొక్కా గుండీ పొడుస్తుంది, తర్వాత గడియారం. చేయి విసరకండి, ముట్టుకోవాలని చూడకండి. రెండు మూడు రోజులకోసారి అడుగు చొప్పున దగ్గరికి జరగండి. తాళం చెవులు, ఉంగరాలు బయటే పెట్టి వెళ్లండి. మెరిసేదల్లా మింగేస్తాయి. కంచె బాగుచేసినప్పుడు తెగిన తీగ ముక్క ఒక్కటి మిగిలినా కడుపులోకి పోతుంది.

పరుగులో సన్నటి వల తీగ వాటికి కనబడదు, అందుకే తగులుతున్నాయి. కంచె పొడవునా పక్షి ఛాతీ ఎత్తులో గోనెపట్టా గానీ షేడ్‌నెట్ గానీ కట్టండి. మూలలు గుండ్రంగా మూసేయండి. మూలకు చిక్కిన పక్షే ఎక్కువగా ఎగిరి తన్నుతుంది.

నట్టల మందు కోసమే పట్టుకోవాలనుకుంటే, దాణాలోనో నీళ్లలోనో ఇవ్వగల మందు ఉందేమో ముందు వైద్యుడిని అడగండి. పట్టుకోకుండా పని జరిగితే అంతకంటే మేలు లేదు. తప్పదంటే కంచెకు ఆనుకుని చిన్న దొడ్డి కట్టి, తలుపు తీసే ఉంచి, వారం పది రోజులు దాణా అందులోనే వేయండి. పట్టే రోజున తలుపు మూస్తే చాలు, తరిమే పని ఉండదు.

చల్లటి ఉదయం వేళ ఇద్దరు దిగాలి. ఈము ముందుకీ పక్కకీ తన్నుతుంది, మూడు వేళ్లకూ బలమైన గోళ్లుంటాయి. అందుకని ఎదురుగా వెళ్లకుండా వెనక నుంచి చేరి, చిన్న రెక్కలు రెండూ దొరకబుచ్చుకుని, పక్షి వీపును మీ ఒంటికి గట్టిగా అదుముకోండి. దూరం ఉంచినవారికే దెబ్బ తగులుతుంది. మెడ, కాళ్లు పట్టుకోవద్దు. తలకు గుడ్డ తొడిగితే నిప్పుకోడి నెమ్మదిస్తుందని ఈముకూ తొడుగుతుంటారు, కానీ ఇది ఇంకా గింజుకుంటుంది.

ఎగశ్వాస పోస్తుంటే పని సగంలో ఉన్నా వదిలేసి, నీడ, నీళ్లు ఇవ్వండి. గింజులాటకు కండరాలు దెబ్బతింటే ఆ లక్షణాలు తర్వాతి గంటల్లోనో, రోజుల్లోనో బయటపడవచ్చు. నడక బిగుసుకుపోయినా, లేవలేకపోయినా, మూత్రం ఎర్రగానో గోధుమ రంగులోనో వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యం చేయించాలి.

ఈ పని ఇప్పుడే మొదలుపెట్టండి. 18 నుంచి 24 నెలల వయసులో ఇవి జత కట్టడం మొదలుపెడతాయి. ఆ కాలంలో తిండి బాగా తగ్గిస్తాయి కాబట్టి, బకెట్ చూపించినా దగ్గరికి రావు.