సోమశిల నిండిన ఏడాది మా చేను ఎందుకు ఎండింది

“పెన్నా పరీవాహకంలో సాగునీటి అభివృద్ధికి ఇంకా ఏయే ప్రాజెక్టులు కట్టాలి?” అని అడిగారు. మాది నెల్లూరుకు తూర్పున, ఇందుకూరుపేట వైపు, సముద్రానికి దగ్గరలో ఉన్న పల్లె. కాలువ చిట్టచివర మూడున్నర ఎకరాల్లో వరి పండించుకునే కుటుంబం. డెల్టా వరకైతే కొత్తగా కట్టవలసిన జలాశయం ఒక్కటి కూడా లేదని నా గట్టి అభిప్రాయం. ఉన్న పిల్లకాలువలకు సకాలంలో పూడిక తీసి, తూములు బాగుచేసి, వాటి మీద ఒక మనిషిని పెడితే చాలు.

నిల్వకు మనకు కొదవ లేదు. పెన్నా మీద కట్టిన సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు, దాని నుంచి వరద కాలువ ద్వారా నిండే కండలేరు జలాశయం సామర్థ్యం 68 టీఎంసీలు. పెన్నా సొంత వరదకు తోడు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా కృష్ణా జలాలు కూడా సోమశిలకు చేరుతున్నాయి. 1983 ఒప్పందం ప్రకారం చెన్నైకి కేటాయించిన 15 టీఎంసీలు కూడా ఈ దారినే పోవాలి కనుక ఆ లెక్క తీసివేసే మాట్లాడుతున్నాను. పంతొమ్మిదో శతాబ్దపు ఆనకట్టలకు బదులుగా సంగం, నెల్లూరు బ్యారేజీలు కూడా 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి. ఇవన్నీ కాలువ తలకు సంబంధించిన పనులు. మా కష్టమంతా కాలువ తోక దగ్గర ఉంది.

2020లో సోమశిల నిండి, గేట్లెత్తి రోజుల తరబడి నీటిని సముద్రానికి వదిలారు. ఆ తరువాత వచ్చిన ఫిబ్రవరిలో మా వరి సరిగ్గా పొట్ట మీద ఉండగా మడిలో నెర్రెలు విచ్చాయి. పైన జలాశయంలో అన్ని నీళ్ళు పెట్టుకుని కింద చేను ఎండుతుంటే రైతు మనసు ఎంత కుతకుతలాడుతుందో మాటల్లో చెప్పలేను. పన్నెండు రోజులు ఎదురుచూసి, ఒక రాత్రి నాయన, నేను, పక్క చేను మామ టార్చిలైటు తీసుకుని కాలువ గట్టు వెంబడి ఎగువకు నడిచాము. నాయనకు అప్పటికి డెబ్బై రెండేళ్ళు. వద్దన్నా వినలేదు.

మొదటి రెండు కిలోమీటర్లు కాలువలో బురద తప్ప ఏమీ లేదు. ఆ పైన ఒక తూము దగ్గర షట్టరు మర కడ్డీ విరిగిపోయి ఉంటే, దాన్ని ఎవరో ఇసుక సంచులతో, వరిగడ్డి మోపులతో అడ్డుకట్టి పక్క బోదెలోకి నీళ్ళు మళ్ళించుకున్నారు. ఇంకొంచెం పైన రొయ్యల గుంటకు ఆయిల్ ఇంజను ఆడుతోంది. అక్కడి నుంచి అర కిలోమీటరు దాటాక రోడ్డు కిందుగా వెళ్ళే కల్వర్టు ఉంది. దాని మూతి నిండా గుర్రపుడెక్క పేరుకుని, అవతల మోకాలి పైదాకా నీరు నిలిచి ఉంది. నాయన పంచె ఎగగట్టి దిగి, చేయి పెట్టి చూసి, “నీళ్ళు ఇందాకా వచ్చుండాయి గదరా” అన్నాడు. అంతకు మించి ఆయన ఆ రాత్రి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మరునాడు పదకొండు మందిమి పంగలకర్రలతో ఆ గుర్రపుడెక్కను లాగి గట్టున వేశాము. తూము దగ్గర అడ్డుకట్టినవారితో గొడవ పడకుండా వంతులు మాట్లాడుకున్నాము. వాళ్ళు మా శత్రువులు కారు. షట్టరు సరిగా ఉండి ఉంటే వాళ్ళకు ఆ అవసరమే వచ్చేది కాదు. మూడో రోజు సాయంత్రానికి మా మడికి తడి అందింది కానీ, పల్లం వైపు ఎకరంలో చాలావరకు అప్పటికే తాలు పోయింది. ఎకరాకు నాలుగు పుట్లు రావలసిన చోట ఆ ఏడాది రెండున్నరతో సరిపెట్టుకున్నాము. మా పుట్టి అంటే 850 కిలోలు కనుక, ఎకరాకు ఎంత ధాన్యం పోయిందో మీరే లెక్క వేసుకోవచ్చు.

మా కాలువ మీద ఒకప్పుడు ఇద్దరు లస్కర్లు, అంటే తూములు ఎత్తి దించే కాలువ కాపలాదారులు, ఉండేవారు. ఏ తూము ఎన్ని గంటలు ఎత్తాలో వాళ్ళకు నోటికి వచ్చేది. వాళ్ళు పదవీ విరమణ చేశాక ఆ స్థానాల్లోకి ఎవరూ రాలేదు. రైతులే కాలువలను చూసుకోవాలని 1997లో చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. ఆలోచన మంచిదే కానీ, చేతికి డబ్బు ఇవ్వకుండా బాధ్యత మాత్రమే ఇస్తే ఏ సంఘమైనా ఏం చేయగలదు? పూడికతీత సంగతి మరీ బాధాకరం. మొదటి పంట కోతలకూ ఎడగారుకు, అంటే రెండో పంటకు, నీళ్ళు విడవడానికీ మధ్య దొరికే కొద్ది వారాల్లో ముగియవలసిన పని, మా వైపు తరచుగా నీళ్ళు వదిలాకే మొదలవుతుంది. అప్పుడు యంత్రం గట్టు మీద నిలబడి పైపైన గడ్డి గీకడం తప్ప అడుగున మట్టిని ముట్టుకోలేదు.

అభివృద్ధిని జలాశయం దగ్గర కొలవడం వల్లనే ఈ దుస్థితి అని నేను నమ్ముతున్నాను. ఇన్ని క్యూసెక్కులు విడిచామని పత్రికల్లో రోజూ వస్తుంది. చివరి తూముకు ఎన్ని అందాయన్నది ఎక్కడా రాదు. అందుకే కిందటేడు మేము మా చివరి తూము గోడ మీద, ఆయకట్టు మొత్తం తడవడానికి కావలసిన మట్టం దగ్గర ఎర్రరంగుతో ఒక గీత గీశాము. కాలువకు నీళ్ళు విడిచిన ఎన్నో రోజున నీరు ఆ గీతను అందుకుందో నోటుపుస్తకంలో రాస్తున్నాను. పోయిన పంటకు పందొమ్మిదో రోజున అందుకుంది.