అద్దె ఇంటి పెరటిలో పందిరి: అమ్మడుకు పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మడుకు,

పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేనూ మీ పెద్దమ్మా క్షేమం.

సాగర్ నగర్‌లో నువ్వు అద్దెకు తీసుకున్న ఇంటి పెరటిలో నీ చేతులతోనే చెక్క పందిరి వేసి, చుట్టూ కర్ర కంచె కట్టబోతున్నావనీ, అందుకోసం డ్రిల్లు మిషను కూడా కొన్నావనీ మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. వాడు నవ్వుతూనే చెప్పాడు గానీ నాకు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ముప్పై రెండేళ్లు షిప్‌యార్డులో చెక్కపని చేశాను. మన ఇంట్లో నా తరువాత ఉలి పట్టినవారు ఒక్కరూ లేరన్న వెలితి నాకు ఎప్పుడూ ఉండేది. నువ్వు చిన్నప్పుడు సెలవులకు వచ్చి, నేను చిత్రిక పడుతుంటే రాలిన పొట్టును ఏరుకుని గాజుల్లా చేతికి చుట్టుకునేదానివి. ఒకసారి చెక్క చెక్కే నా బాడిస మీద చెయ్యి వేయబోతే వీపు మీద ఒకటి వేశాను. ఆ దెబ్బ నీకు గుర్తుందో లేదో గానీ నేను మాత్రం మరచిపోలేదు. అందుచేత ఈ కబురు విని పొంగిపోయిన మాట నిజమే. నిద్ర పట్టకపోవడానికి కారణం, నువ్వు దసరా సెలవుల్లో పని మొదలుపెడతాననడం.

దసరాకు వద్దు. మన తీరానికి పెద్ద తుఫానులు వచ్చేది ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లోనే. సగం బిగించిన పందిరి, పూర్తిగా బిగించిన పందిరికంటె ప్రమాదకరం. సంక్రాంతి వెళ్లిన తరువాత మొదలుపెడితే గాలులు తగ్గి ఉంటాయి, కర్ర ఆరడానికి ఎండా ఉంటుంది, వేసవికి తీగ పాకించుకోవచ్చు.

ఇంటి యజమానురాలి అనుమతి నోటిమాటగా కాక కాగితం మీద తీసుకో. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో 108వ సెక్షన్ అనేది ఒకటి ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే, అద్దెకున్నవారు యజమాని సమ్మతి లేకుండా శాశ్వతమైన కట్టడం కట్టకూడదు. నేలకు తాము బిగించుకున్నవాటిని, ఇల్లు తమ స్వాధీనంలో ఉన్నంతవరకే విప్పి తీసుకుపోవచ్చు. ఇంటిని తాము పుచ్చుకున్న స్థితిలోనే అప్పగించాలి. అంటే తాళంచెవి ఇచ్చేసిన మరునాడు వెళ్లి ‘నా పందిరి’ అంటే కుదరదు. కాబట్టి నువ్వు వేసే ప్రతి బిగింపునూ, దీన్ని రేపు ఎలా విప్పుతాను అని నిన్ను నువ్వే అడిగి వెయ్యి. పని మొదలుపెట్టకముందే పెరడునూ ప్రహరీనీ ఫోటోలు తీసి పెట్టుకో. గొయ్యి తవ్వేచోట నీటి పైపు, మురుగు పైపు లేవని ఆవిడను అడిగి తెలుసుకో.

కర్ర సంగతి. కొత్త టేకు ధర చూస్తే నీ జీతం సరిపోదు. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చిన టేకు దూలాలూ గుమ్మాలూ అమ్మేచోట వెతుకు. పాత కర్ర ఆరవలసినంత ఆరిపోయి ఉంటుంది కనుక ఇక వంకర తిరగదు. లోపల విరిగిన మేకులు దాగి ఉంటాయి, రంపం పెట్టే ముందు అంగుళం అంగుళం తడిమి చూడు. కోసిన చివర చూసి, ముదురు రంగు చేవ ఎంత ఉందో, అంచున తెల్ల చెక్క ఎంత ఉందో లెక్క వేసుకో. చెదలు ముందు పట్టేది ఆ తెల్లదాన్నే. కంచెకు మాత్రం సరుగుడు బాదులు చాలు, చవకగా దొరుకుతాయి. బెరడు ఒలిచి, నేలలోకి దిగే భాగానికీ దానిపైన ఒక జానెడుకూ తారు పట్టించు. కర్ర కుళ్లేది లోతున కాదు, మట్టీ గాలీ కలిసే ఆ గీత దగ్గరే. ఎవరైనా పాత ఇంజన్ నూనె పుయ్యమంటారు. కూరగాయల పాదు పక్కన ఆ పని చెయ్యకు.

మామూలు ఇనుప మేకు ఒక్కటి కూడా వాడవద్దు. మీ ఇంటికి సముద్రం ఎంత దగ్గరో నీ కిటికీ ఊచలను అడిగితే చెబుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు మరలే వాడు. దుకాణంలో 304 రకం చూపిస్తారు, 316 దొరికితే ఉప్పుగాలికి ఇంకా మంచిది. మర దించే ముందు సన్నని బెజ్జం వెయ్యి, లేకపోతే చివర్లలో కర్ర చీలుతుంది. కళ్లద్దాలు పెట్టుకో. చున్నీ తీసి పక్కన పెట్టు. ఇవి నీకు తెలియనివి కావు.

ఇక నీకు తెలియనిది చెబుతాను. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా గోడ కూలిందని మీ నాన్నకు చెప్పాను గానీ, ఎందుకు కూలిందో చెప్పలేదు. అప్పుడు మేము లాసన్స్ బే కాలనీలో అద్దెకుండేవాళ్లం. పెరటిలో నేను వేసిన పందిరి ఒకటి ఉండేది. నాలుగు టేకు స్తంభాలు, పైన ఒత్తుగా వాసాలు, వాటి మీద దట్టంగా అల్లుకున్న రాధామనోహరం తీగ. సాయంత్రం పూట ఆ పూల వాసనకు వీధిలో వెళ్లేవారు ఆగేవారు. ఆ గర్వం నన్ను చెడగొట్టింది. స్తంభాలకు నేలలో తగిన బరువు ఇవ్వకుండా, ఇంకా గట్టిగా ఉంటుందని చెప్పి ఇంటివారి ప్రహరీగోడకు రెండు ఇనుప కొక్కేలు దింపి, పందిరిని వాటికి ఆనించి కట్టాను. ఆ గోడ నాలుగున్నర అంగుళాల ఒంటి ఇటుక గోడ. అది నిలబడడానికి కట్టిన గోడే తప్ప లాగితే ఓర్చుకోవడానికి కట్టినది కాదని, వడ్రంగినై ఉండి కూడా నేను ఆలోచించలేదు.

అక్టోబరు 12, ఆదివారం. పొద్దుటినుంచీ గాలి అరుపు వినలేక మీ పెద్దమ్మ చెవుల్లో దూది పెట్టుకుంది. గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటిందని తరువాత పత్రికల్లో చదివాం. మధ్యాహ్నం వేళ ఉన్నట్టుండి అంతా సద్దుమణిగింది. వీధిలో మనుషులు తలుపులు తీసి బయటికి వచ్చారు. నేనూ వచ్చాను. పందిరి ఒకవైపుకు ఒరిగి ఉందే గానీ పడలేదు. తడిసిన తీగ బరువుకు వాసాలు కిందికి వంగి ఉన్నాయి. తుఫాను దాటిపోయిందనుకున్నాను. అది తుఫాను కన్ను అనీ, మిగిలిన సగం అవతలి పక్కనుంచి వస్తుందనీ ఓడల మధ్య బతికినవాడికి తెలియకపోవడం సిగ్గుచేటు. తెలుసు, కానీ ఆ క్షణాన నా కళ్లకు పందిరి తప్ప మరేదీ కనిపించలేదు. నైలాను తాడు తెచ్చి, ఒరిగిన స్తంభాలను నిటారుగా లాగి ఆ కొక్కేలకే బిగించడం మొదలుపెట్టాను. ఒక ముడి వేశాను. రెండో ముడి సగంలో ఉండగా, వంటింటి తలుపు కిందనుంచి నీళ్లు వస్తున్నాయి, గోనెసంచులు అందుకోమని మీ పెద్దమ్మ కేకలు వేసింది. విసుక్కుంటూ లోపలికి వెళ్లాను. వెళ్లేముందు ఆమెను ఒక మాట అన్నాను కూడా.

సంచి తలుపుకు అడ్డం పెట్టి లేచేలోపు గాలి తిరిగింది. ఆ చప్పుడు ఎలాంటిదో రాయడం నాకు చేతకాదు. పందిరి తెరచాప లాగా గాలి పట్టి లేచి, తాడుతో పాటు కొక్కేలను, కొక్కేలతో పాటు గోడను లాక్కుని పడింది. నేను కూర్చుని ముడి వేస్తున్నచోట పన్నెండు అడుగుల పొడవున ఇటుకలు పోగుపడ్డాయి. ఆ సాయంత్రం మీ పెద్దమ్మ ఆ పోగును చూసి ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్లింది. గోడ మళ్లీ కట్టించడానికి రెండు నెలల జీతం అయింది. అది నేను ఇవ్వవలసినదే, ఇచ్చాను. ఇంటివారు మంచివారు, గోడను తుఫానే కూల్చిందనుకున్నారు. నేను వారికి నిజం చెప్పలేదు. ఇన్నేళ్లకు నీకు చెబుతున్నాను.

అందుచేత నీ పందిరి ఏ గోడకూ, ఏ పిట్టగోడకూ, ఏ కిటికీ ఊచకూ తగలకూడదు. నాలుగు కాళ్ల మీద తానే నిలబడాలి. ఇరవై లీటర్ల రంగు బకెట్లు నాలుగు సంపాదించి, వాటిలో ఒక వంతు సిమెంటుకు రెండు వంతుల ఇసుక, నాలుగు వంతుల కంకర చొప్పున కాంక్రీటు పోసి, పచ్చిగా ఉండగానే జింకుపూత పట్టీని నడుమ దింపు. ఒక్కొక్కటి దాదాపు 48 కిలోలు తూగుతుంది. వాటిని అంచుదాకా నేలలో పాతి, స్తంభం అడుగు మట్టికి రెండంగుళాలు పైన ఉండేలా ఆ పట్టీకి బోల్టులతో బిగించు. నీళ్లు కర్ర అడుగున నిలవవు, చెదలు వస్తే కంటికి కనిపిస్తాయి, ఇల్లు ఖాళీ చేసేనాడు బకెట్లతో సహా పైకి తీసుకోవచ్చు. గుంతలు తవ్వే ముందు మూలనుంచి ఒకవైపు మూడు, రెండోవైపు నాలుగు అడుగులు కొలిచి, ఆ రెండు గుర్తుల మధ్య అయిదు అడుగులు వచ్చేలా మూల సరిచూసి, ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలూ సమానమయ్యేవరకు గుర్తుకు దింపిన కర్ర మేకులు జరుపు. స్తంభానికీ పైదూలానికీ మధ్య ఏటవాలు ఊతకర్రలు వెయ్యడం మరిచిపోకు. అవి లేని పందిరి మంచంకోళ్ల లాగా ఊగుతుంది.

అయితే ఈ బరువు ఈదురుగాలికి చాలుతుందే గానీ తుఫానుకు చాలదు. అందుకే పైన వేసే సన్నని చెక్క బద్దలను, అంటే రీపర్లను, మరలతో కాక చేత్తో తిప్పే రెక్కల నట్లతో బిగించు. రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారన్న వార్త విన్నరోజే, ఆఫీసు పని ఎంత ఉన్నా, తీగను మోకాలెత్తుకు కోసేసి రీపర్లు విప్పి లోపల పెట్టుకో. తీగ మళ్లీ చిగురుస్తుంది. గాలి ఆగిందని నడుమ బయటికి రాకు. ఈ ఒక్కటి నాకు మాట ఇవ్వు.

కంచెకు పలకలను సందు లేకుండా బిగిస్తే అందంగానే ఉంటుంది, గాలికి మాత్రం గోడే అవుతుంది. పలకకూ పలకకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంచు. నాలుగు అడుగుల ఎత్తు మించవద్దు. ఆరడుగులకు ఒక బాదు, రెండు అడుగుల లోతు, సిమెంటు పోయకుండా రాళ్లూ మట్టీ వేసి గునపంతో దట్టించు.

మీ పెద్దమ్మ పక్కనే కూర్చుని, పందిరి మీద ఏం పాకిస్తావని అడుగుతోంది. రాధామనోహరం పేరు ఎత్తవద్దట. గింజకు ఉంచిన ఆనపకాయ ఒకటి అటక మీద ఎండుతోంది, అది నీకే అంటోంది. కనుమ మరునాడు కాక ఆ పై ఆదివారం నేను వస్తాను. రసమట్టమూ మూలమట్టమూ ఎవరి చేతా పంపను, నేనే తెస్తాను. నా బాడిస కూడా తెస్తాను. ఇప్పుడు నువ్వు ముట్టుకోవచ్చు.

ఇట్లు,
మీ పెదనాన్న
పెందుర్తి, విశాఖపట్నం